కడిగించిన తివాచీకి మళ్ళీ మరకలు పట్టకుండా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. నిపుణుల చేత తివాచీ శుభ్రం చేయించిన తర్వాత ఆ శుభ్రతను ఎలా నిలబెట్టుకోవాలన్నదే ఆ ప్రశ్న. అందుచేత ఇతర ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ ఉత్తరాలకే జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా హాలులోని తివాచీని ఒక సంస్థ చేత కడిగించాము. పని ముగిశాక, మరకలు పట్టకుండా ఒక ద్రావణం స్ప్రే చేస్తామని, దానికి విడిగా చెల్లించాలని అడిగారు. అప్పటికప్పుడు తేల్చుకోలేక వద్దన్నాము. ఆ ద్రావణం నిజంగా పనిచేస్తుందా? ఇప్పుడు చేయించుకోవచ్చునా?

జవాబు: పనిచేస్తుంది. అయితే అది ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో తెలుసుకొని చేయించుకుంటేనే మీకు మేలు. ఇలాంటి ద్రావణాలలో చాలా కాలంగా వాడుకలో ఉన్నవి ఫ్లోరిన్ కలిసిన రసాయనాలు. అవి ఒక్కొక్క పోగు చుట్టూ కంటికి కనిపించనంత పలుచగా పట్టుకొని, నీరు గాని నూనె గాని పోగును తడపకుండా అడ్డుపడతాయి. ఒలికిన కాఫీ వెంటనే లోపలికి ఇంకిపోకుండా, తామరాకు మీద నీటిబొట్టులాగా కొంతసేపు పైనే నిలబడుతుంది. ఈ గుణం మొదట అనుకోకుండా బయటపడింది. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని 3ఎం సంస్థ ప్రయోగశాలలో ఒకరి కాన్వాస్ బూటు మీద ఫ్లోరిన్ కలిసిన రసాయనం చిందింది. ఎంత కడిగినా అది వదలలేదు సరికదా, అది పడిన చోట నీరు, మురికి అంటకపోవడం అక్కడ పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త ప్యాట్సీ షెర్మన్ గమనించారు. ఆమె, శామ్యూల్ స్మిత్ కలిసి దాని మీద పనిచేయగా, 1956లో స్కాచ్‌గార్డ్ అనే పేరుతో అది అమ్మకానికి వచ్చింది.

అది ఏమి చేయదో కూడా చెప్పాలి. పాలో, రసమో ఒలికిన తర్వాత తీరికగా మర్నాడు తుడుచుకోవచ్చునన్న భరోసాను ఏ ద్రావణమూ ఇవ్వదు. అది ఇచ్చేది వ్యవధి మాత్రమే. మీరు లేచి గుడ్డ తెచ్చేంతవరకు ద్రవాన్ని పైన నిలిపి ఉంచుతుంది, అంతే. వేడి ద్రవం పడినా, పడినదాని మీద కాలు వేసి తొక్కినా ఆ వ్యవధి మరింత తగ్గిపోతుంది. పైగా నడక ఎక్కువగా ఉన్న చోట, అంటే గుమ్మం దగ్గర, సోఫా ముందు, పాదాల రాపిడికి ఈ పొర ముందుగా అరిగిపోతుంది. మంచం కింద ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. కాబట్టి ఇల్లంతా స్ప్రే చేయించడం కన్నా, భోజనాల బల్ల చుట్టూ, సోఫా ముందు, నడిచే దారిలో చేయించడం తెలివైన పని అని నా అభిప్రాయం.

చేయించుకోవడానికి సరైన సమయం కడిగిన వెంటనే, తివాచీ ఇంకా కొద్దిగా తడిగా ఉన్నప్పుడు. అప్పుడు స్ప్రే చేసి, బ్రష్‌తో పోగులను ఇటూ అటూ దువ్వితే ద్రావణం కొసలకే పరిమితం కాకుండా పోగు పొడవునా పట్టుకుంటుంది. ఈ దువ్వే పనిని కొందరు ఎగ్గొడతారు. దగ్గర నిలబడి చేయించుకోండి. మీ తివాచీ కడిగి ఎక్కువ రోజులు కాకపోతే ఇప్పటికీ చేయించవచ్చు గాని, ముందు వాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము పూర్తిగా తీయించండి. మురికి మీద స్ప్రే చేస్తే మురికిని లోపల పెట్టి తలుపు వేసినట్టే అవుతుంది. అలాగే ఏ ద్రావణం వాడుతున్నారో డబ్బా మీద పేరు చూడండి. సిలికాన్‌తో చేసినవి చవకగా వస్తాయి. అవి నీటిని ఆపుతాయి గాని నూనెను ఆపలేవు, కొన్నాళ్లకు దుమ్మును కూడా పట్టి ఉంచుతాయి. వాటిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ప్రశ్న: మా తివాచీకి కొన్నప్పుడే మరకల నిరోధక పూత ఉందని అమ్మినవారు చెప్పారు. నాలుగు సార్లు కడిగించాక అది ఇంకా ఉందో లేదో తెలుసుకోవడం ఎలా?

జవాబు: ఒక చెంచాతో మంచినీటిని నడక ఉన్న చోట ఒక చుక్క, బీరువా పక్కన మూలలో ఒక చుక్క పెట్టి, కదపకుండా చూడండి. మూలలో చుక్క ముత్యంలా నిలబడి, నడిచే చోట చుక్క చూస్తుండగానే ఇంకిపోతే అక్కడ పూత అరిగిపోయినట్టు లెక్క. రెండు చోట్లా వెంటనే ఇంకిపోతే మాత్రం తొందరపడి పూత పోయిందని తేల్చకండి. కడిగినప్పుడు సబ్బు పూర్తిగా వదలకపోయినా నీరు అలాగే ఇంకుతుంది. శుభ్రమైన వేడినీటితో ఒకసారి జాడింపించాక చూస్తే కొన్ని తివాచీలలో చుక్క మళ్ళీ నిలబడుతుంది. ఇక పాలీప్రాపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుల తివాచీలకు ఈ పరీక్ష పనికిరాదు. ఆ పోగు స్వభావం చేతనే నీటిని పీల్చదు, పూత లేకపోయినా చుక్క నిలుస్తుంది.

ప్రశ్న: కాఫీ మరక పూర్తిగా పోయిందని సంతోషించాము. మూడవ రోజు ఉదయం చూస్తే సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో మళ్ళీ కనిపించింది. కడిగినవారిని పిలిస్తే, మీరే మళ్ళీ ఏదో ఒలికించి ఉంటారని అన్నారు. ఇది ఎలా సాధ్యం?

జవాబు: మీరు ఏమీ ఒలికించలేదు. ఇలా జరగడం చాలా మామూలు, దీనికి కారణం కూడా స్పష్టమే. ఒక గిన్నెడు కాఫీ ఒలికినప్పుడు పైపోగులకు అంటేది కొంత మాత్రమే. మిగిలినది పోగుల మొదళ్ల గుండా దిగి అడుగు గుడ్డలోనూ, దాని కింద పరిచే మెత్తలోనూ చేరుతుంది. పైన కడిగినప్పుడు అడుగున ఉన్నది కూడా నానుతుంది. ఆ తర్వాత తివాచీ ఆరేటప్పుడు తడి పైకే వస్తుంది, ఎందుకంటే గాలి తగిలేది పైనే. దీపం వత్తి నూనెను ఎలా పైకి లాగుతుందో, ఒక్కొక్క పోగు అలాగే అడుగున కరిగిన కాఫీని పైకి లాగుతుంది. నీరు ఆవిరై, రంగు కొసల మీద మిగులుతుంది. కడిగిన రోజున కనబడక రెండు మూడు రోజులకు కనబడటం అందువల్లనే.

దీనికి మళ్ళీ ఎక్కువ నీళ్లు పోసి కడగడం మందు కాదు, అదే జబ్బు. ఆ చోటును గోరువెచ్చని నీటితో తగుమాత్రంగా తడపండి. తెల్లని నూలు తువ్వాలును నాలుగైదు మడతలు వేసి దాని మీద పరిచి, పైన ఒక పాలిథీన్ కాగితం వేసి, దాని మీద బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలేయండి. పైకి వచ్చే తడి పోగుల కొసల దగ్గర ఆగకుండా తువ్వాలులోకి పోతుంది. ఉదయం తువ్వాలు విప్పి చూస్తే అట్టడుగు మడతలో మరక ఆకారమే గోధుమరంగులో అచ్చుపడి ఉంటుంది. పై మడతలకు పోయేకొద్దీ పలచబడుతుంది. కాఫీ, టీ మరకలకు ఆ నీటిలో మూడో వంతు తెల్ల వెనిగర్ కలిపితే ఇంకా మంచిది. ఒకసారికి పూర్తిగా రాకపోతే మరో రాత్రి అలాగే చేయండి. మరక పూర్తిగా పోయి, తివాచీ ఆరిన తర్వాతే ఆ చోట నిరోధక ద్రావణం వేయించండి. ముందే వేయిస్తే లోపలిది లోపలే ఉండిపోయి, ప్రతి తడికీ కొంచెం కొంచెంగా పైకి వస్తూనే ఉంటుంది.

ప్రశ్న: కడిగించిన తర్వాత ఎన్ని గంటలకు నడవవచ్చు? సామాను ఎప్పుడు సర్దుకోవచ్చు?

జవాబు: వేడినీటితో కడిగి, ఆ నీటిని యంత్రంతో లాగేసిన తివాచీ సాధారణంగా 6 నుంచి 12 గంటలలో ఆరుతుంది. 24 గంటలు దాటినా చెయ్యి పెడితే చల్లగా తగులుతోందంటే నీరు ఎక్కువ పోశారన్నమాట. అడుగున బూజు పట్టే ప్రమాదం ఉంది గనుక ఫ్యాన్లు నేల వైపు తిప్పి పెట్టండి. బయట గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు కిటికీలు తెరిచినా ఉపయోగం లేదు; వాటిని మూసి ఏసీ వేయడమే మేలు. నడవక తప్పకపోతే ఉతికిన తెల్ల మేజోళ్లతో నడవండి. వట్టి పాదాలకుండే జిడ్డు తడి పోగులకు ఇట్టే పడుతుంది.

సామాను గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. తడి తివాచీ మీద కుర్చీ కోడు పెడితే, ఇనుపదైతే తుప్పు మరక, రంగు వేసిన చెక్కదైతే ఎర్రని గోధుమరంగు మరక పడుతుంది. ఈ రెండూ మామూలు మరకలకన్నా మొండివి. పూర్తిగా ఆరే వరకు ఆగలేకపోతే ప్రతి కోడు కింద అల్యూమినియం రేకు ముక్కనో, మందపాటి ప్లాస్టిక్ ముక్కనో పెట్టి, ఆరిన తర్వాత తీసేయండి.

ప్రశ్న: మా పిల్లవాడు ఒలికించిన ఎర్రని పళ్లరసం మా నైలాన్ తివాచీ మీద శాశ్వతంగా ఉండిపోయింది. మా చెల్లెలి ఇంట్లో పాలిస్టర్ తివాచీ మీద అదే రసం పడితే తడిగుడ్డతోనే పోయింది. మాది దానికన్నా ఖరీదైన తివాచీ. ఎందుకిలా?

జవాబు: ఖరీదుకూ దీనికీ సంబంధం లేదమ్మా, తేడా అంతా పోగులో ఉంది. నైలాన్‌కూ, ఉన్నికీ రంగు వేయడానికి సాధారణంగా ఆమ్ల రంగులు వాడతారు. పోగు లోపల ఆ రంగును పట్టుకొనే స్థానాలు ఉంటాయి. కర్మాగారంలో రంగు వేసినప్పుడు ఆ స్థానాలన్నీ నిండవు, కొన్ని ఖాళీగా మిగులుతాయి. పళ్లరసాలలో, శీతల పానీయాలలో కలిపే ఎర్రరంగులు కూడా ఇదే కోవకు చెందిన ఆమ్ల రంగులు. అందుచేత ఆ రసం ఒలికినప్పుడు అది మరకలాగా పైన అంటుకోదు. ఖాళీ స్థానాలలో చేరి, తివాచీకి రంగు వేసినట్టే వేస్తుంది. పాలిస్టర్‌లో ఇలాంటి స్థానాలు లేవు గనుక రసం పట్టు చిక్కక వచ్చేస్తుంది. అయితే నూనె విషయంలో కథ తిరగబడుతుంది: పాలిస్టర్, పాలీప్రాపిలీన్ నూనెను గట్టిగా పట్టుకుంటాయి. మీ చెల్లెలుగారి తివాచీ మీద నెయ్యి గాని, నూనె గాని పడినప్పుడు ఆ ఇబ్బంది ఆమెకు తెలుస్తుంది.

నైలాన్‌కు ఫ్లోరిన్ పూత ఒక్కటే చాలకపోవడానికి కారణం ఇదే. పూత ద్రవాన్ని పైన నిలుపుతుంది గాని, రంగు లోపలికి దిగిన తర్వాత చేయగలిగింది లేదు. ఖాళీ స్థానాలను ముందుగానే రంగులేని పదార్థంతో నింపేసే మరో రకం రసాయనాలు ఉన్నాయి. 1986లో డ్యూపాంట్ సంస్థ స్టెయిన్‌మాస్టర్ పేరుతో తెచ్చిన నైలాన్ తివాచీలు ఈ పద్ధతి వల్లనే పేరు పొందాయి. నిపుణులు వాడే ద్రావణాలలో కొన్నింటిలో ఈ రెండూ కలిపి ఉంటాయి. మీది నైలాన్ గనుక, మళ్ళీ కడిగించినప్పుడు ఆమ్ల రంగులను కూడా అడ్డుకునే ద్రావణమే కావాలని అడగండి. ఘాటైన క్షారగుణం ఉన్న సబ్బులు ఈ రక్షణను పాడుచేస్తాయి కాబట్టి, కడిగిన తర్వాత స్వల్ప ఆమ్లగుణం ఉన్న నీటితో జాడించమని కూడా చెప్పండి. ఇప్పుడున్న మరక మీద ఇంటి ప్రయోగాలు చేయవద్దు. వేడి తగిలినా రంగు మరింత గట్టిపడుతుంది. అది నిపుణుల చేతికే వదలండి.

ప్రశ్న: పాకే వయసు పాప ఉన్న ఇల్లు మాది. ఈ ఫ్లోరిన్ రసాయనాలు ఒంటికి మంచివి కావని విన్నాను. చేయించవచ్చునా?

జవాబు: మీ భయం నిరాధారమైనది కాదు. పీఫాస్ అని పిలిచే ఈ రసాయన కుటుంబం ప్రకృతిలో ఎంతకూ విచ్ఛిన్నం కాదు. వీటిలో కొన్ని మనిషి రక్తంలో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. తొలి తరం స్కాచ్‌గార్డ్‌కు ఆధారమైన పీఎఫ్ఓఎస్ తరహా రసాయనాలను ఆపేస్తామని 3ఎం సంస్థ 2000లోనే ప్రకటించింది. ప్రకృతిలో నశించని హానికర రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం నియంత్రిత పదార్థాల జాబితాలో 2009లో పీఎఫ్ఓఎస్, 2019లో అదే కుటుంబానికి చెందిన పీఎఫ్ఓఏ చేరాయి. తర్వాతి తరం ద్రావణాలలో పొట్టి గొలుసు, అంటే కార్బన్ పరమాణువుల గొలుసు చిన్నదిగా ఉన్న ఫ్లోరిన్ రసాయనాలు వాడుతున్నారు. అవి శరీరంలో అంతకాలం నిలవకపోయినా ప్రకృతిలో నశించని గుణం వాటికీ ఉంది. ఫ్లోరిన్ లేకుండా తయారుచేసినవి కూడా దొరుకుతున్నాయి. అవి నీటిని బాగానే ఆపుతాయి గాని, నూనె విషయంలో ఫ్లోరిన్ వాటికి సాటిరావు.

పాప రోజంతా నేల మీదే ఉండి, ఆ చేతులనే నోట్లో పెట్టుకుంటుంది. మీ స్థానంలో నేను ఉంటే ఈ రెండు మూడేళ్లు ఏ పూతా వేయించకుండా, పాప ఆడుకునే చోట ఉతకడానికి వీలైన నూలు దుప్పటి పరుస్తాను. ఎవరు చేయించుకున్నా ఒక జాగ్రత్త తప్పనిసరి: స్ప్రే చేసేటప్పుడు తలుపులు, కిటికీలు తెరిచి ఉండాలి, పిల్లలు, పెంపుడు జంతువులు ఆ గదిలో ఉండకూడదు. మూసిన గదిలో ఇలాంటి స్ప్రేల సన్నని తుంపరలను పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. తివాచీ పూర్తిగా ఆరిన తర్వాతే గదిలోకి వెళ్లండి.

ప్రశ్న: అత్తగారి కాలం నాటి చేతి అల్లిక ఉన్ని తివాచీని జాగ్రత్తగా కడిగించాము. దాని మీద ఏదైనా ఒలికితే తక్షణం ఏం చేయాలి?

జవాబు: రుద్దకూడదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మా ఇంట్లో ఒక ఉన్ని తివాచీ మీద టీ ఒలికితే కంగారుగా బ్రష్ తీసుకొని రుద్దాను. టీ మరక పోయింది; కాని ఆ అరచేతి వెడల్పు చోట పోగుల మెలి విడిపోయి, కొసలు దూదిలా పింజలు తేలాయి. పక్క కిటికీ నుంచి ఎండ పడినప్పుడల్లా ఆ చోటు నెరిసినట్టు వేరుగా కనబడుతుంది. దానిని సరిచేసే మార్గం లేదు.

చేయవలసింది ఇది. గట్టి పదార్థమైతే చెంచా అంచుతో పైకి తీయండి. ద్రవమైతే తెల్లని నూలు గుడ్డను మడిచి మరక మీద పెట్టి, అరచేతితో, అవసరమైతే మడమతో గట్టిగా ఒత్తండి. తడిసిన మడత మార్చి మళ్ళీ ఒత్తండి. గుడ్డకు తడి అంటడం ఆగే వరకు నీరు చల్లవద్దు. ఆ తర్వాత ఒక గిన్నెడు చల్లని నీటిలో పావు చెంచా రంగులేని, తేలికపాటి గిన్నెల సబ్బు ద్రవం కలిపి, గుడ్డతో అంచు నుంచి మధ్యకు అద్దండి. మధ్య నుంచి అంచుకు పోతే మరక పెరుగుతుంది. చివరగా వట్టి నీటితో రెండుసార్లు అద్ది సబ్బు మిగలకుండా చూడండి. రక్తం, పాలు, గుడ్డు వంటి వాటికి వేడినీరు అసలు తగలకూడదు, మాంసకృత్తులు గట్టిపడి పోగులో ఉండిపోతాయి. క్లోరిన్ బ్లీచ్‌ను ఉన్ని దరిదాపులకు కూడా రానివ్వవద్దు. అది రంగును పోగొట్టడంతో ఆగక, ఉన్నినే కరిగించేస్తుంది. చేతి అల్లికలలో రంగులు కారే అవకాశం ఉంది గనుక, ఏ ద్రావణాన్నైనా ముందు అడుగు వైపు ఒక మూల తడిపి, తెల్లగుడ్డ ఒత్తి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఇక ఇంట్లో ముట్టుకోవద్దు. విస్కోస్, అంటే చెక్క గుజ్జుతో చేసే పోగు కలిసిన తివాచీ అయితే ఉత్త నీళ్లకే పసుపురంగు తేలవచ్చు కాబట్టి అది కూడా నిపుణుల పనే.

ప్రశ్న: కడిగించిన నెల తిరగకముందే తివాచీ మునుపటికన్నా వేగంగా మాసిపోయింది. కడిగించకుండా ఉంటేనే నయమనిపిస్తోంది.

జవాబు: అలా అనుకోవద్దు, తప్పు కడిగించడంలో లేదు, జాడించడంలో ఉంది. పోగులలో మిగిలిన షాంపూ ఆరిన తర్వాత జిగురుగా ఉండి, ప్రతి పాదం నుంచీ దుమ్మును లాక్కుంటుంది. తడిపిన తెల్లగుడ్డతో ఒక చోట గట్టిగా తుడిచి, అదే గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూడండి. జారుడుగా తగిలినా, నురుగు వచ్చినా సబ్బు మిగిలినట్టే. కడిగినవారిని పిలిచి, సబ్బు లేకుండా వట్టి వేడినీటితో మరోసారి లాగించమని అడిగే హక్కు మీకు ఉంది. ఈ స్థితిలో దాని మీద నిరోధక ద్రావణం వేయించడం డబ్బు వృథా.

దీనితోపాటు పొడి దుమ్మును కూడా పట్టించుకోవాలి. తివాచీలో చేరే మురికిలో అధిక భాగం పొడి ఇసుక, మట్టి రేణువులే. అవి సన్నని రంపాల్లాగా పోగులను కోస్తాయి. నడిచే దారి బూడిదరంగుకు తిరగడానికి చాలాసార్లు మరక కారణం కాదు, గీతలు పడిన పోగులు వెలుగును చెదరగొట్టడమే. గుమ్మానికి బయట ఒకటి, లోపల ఒకటి కాళ్లు తుడుచుకునే పట్టాలు వేసి, నడిచే చోట వారానికి కనీసం రెండుసార్లు వాక్యూమ్ పట్టండి. ఒకే చోట నాలుగైదు సార్లు నెమ్మదిగా నడపాలి, ఒక్కసారి పైపైన లాగితే ఇసుక కదలదు.

ప్రశ్న: ఏమీ ఒలకకుండానే పడకగది తివాచీ మీద నారింజరంగు మచ్చలు తేలాయి. కడిగినవారి రసాయనమే కారణమా?

జవాబు: కావచ్చు గాని, ముందు ఇంట్లో ఎవరైనా మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న క్రీము వాడుతున్నారేమో అడగండి. అది బట్టల రంగునే కాదు, తివాచీ రంగును కూడా తినేస్తుంది. వేలికి అంటుకున్న కొద్దిపాటి క్రీము తివాచీకి తగిలి చాలా రోజులు ఊరకే ఉండి, తర్వాత తడి తగిలినప్పుడు పనిచేయడం మొదలుపెడుతుంది. కడిగించిన తర్వాతే మచ్చలు తేలడం వల్ల కడిగినవారి మీద అనుమానం కలగడం సహజం. మచ్చ అద్దం ముందో, మంచం పక్కనో, తలుపు దగ్గరో వేళ్ల ముద్రల పరిమాణంలో ఉంటే క్రీమే కారణమని దాదాపు నిశ్చయించవచ్చు. ఇది మరక కాదు, రంగు పోయిన చోటు. ఏ ద్రావణంతోనూ కడిగి తీయలేరు. ఆ చోట పోగులకు మళ్ళీ రంగు వేయించడమో, మంచం కింద నుంచి ఒక ముక్క కోసి అతికించడమో చేయాలి. క్రీము రాసుకున్నవారు వెంటనే సబ్బుతో చేతులు కడుక్కొని, కాగితంతో తుడుచుకుంటే కొత్త మచ్చలు రావు.